ట్యాబ్ పేరు అడగొద్దు, నంబరు అడగండి



బడులు తెరిచే జూన్‌లోనూ, దసరా దీపావళి ఆఫర్ల రోజుల్లోనూ తెలిసినవాళ్ళ నుంచి నాకొచ్చే ఫోన్లలో సగం ఒకే ప్రశ్నతో మొదలవుతాయి. "పిల్లాడికి ట్యాబ్ కొందామనుకుంటున్నామండీ, ఏది తీసుకోమంటారు?" నేను ఠక్కున పేరు చెప్పను. చెబితే ఆ పేరు కాగితం మీద రాసుకుని షాపుకు వెళ్తారు. షాపులో అదే పేరుకు ఒక ప్లస్సో, ఒక లైటో, ఒక ఎఫ్ఈయో తగిలించిన పెట్టె కనబడుతుంది. ధర రెండు వేలు తక్కువ కూడా ఉంటుంది. "ఇదే సార్ అది" అంటాడు కౌంటర్లో కుర్రాడు. కావాలని అబద్ధమాడడు పాపం, అతనికీ తేడా తెలియదు.

ఈ ప్రసంగంలో కంపెనీల పేర్లు చాలా వస్తాయి. ఎవరికీ ప్రచారం చేసే ఉద్దేశం లేదు. పేర్ల గందరగోళం గురించి పేర్లెత్తకుండా మాట్లాడటం నాకు చేతకాదు, అంతే.

2010లో మొదటి ఐప్యాడ్ వచ్చినప్పుడు ఈ బాధ లేదు. జనవరిలో స్టీవ్ జాబ్స్ వేదిక మీద చూపించాడు, ఏప్రిల్‌లో అమెరికాలో అమ్మకానికి పెట్టారు. ఒకటే సైజు, ఒకటే చిప్. కొనేవాళ్ళు తేల్చుకోవలసింది రెండే సంగతులు: లోపల జాగా 16 జీబీ చాలా, 32 కావాలా, 64 కావాలా, వైఫైతో సరిపెట్టుకోవాలా, 3జీ కూడా కావాలా. ఆ మరుసటి ఏడాది, 2011 అక్టోబరులో, మన కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం 'ఆకాశ్' అనే ట్యాబ్‌ను విడుదల చేసింది. దాన్ని బిగించింది మన హైదరాబాద్‌లోనే. ఏడంగుళాల తెర, 256 ఎంబీ ర్యామ్, ధర 50 డాలర్ల లోపు. ప్రపంచంలోకెల్లా చౌక ట్యాబ్ అని పేపర్లు రాశాయి. చౌకే. కానీ ఆ తెర వేలు తగిలితే పలికే రకం కాదు, గట్టిగా నొక్కితే కదిలే రకం. పేజీ తెరుచుకునేలోపు పిల్లవాడి ఓపిక అయిపోయేది. ట్యాబ్‌కు ధర ఎంత ముఖ్యమో, ఆ ధరకు వచ్చింది వాడుకోవడానికి పనికొస్తుందా లేదా అన్నది అంతకంటే ముఖ్యమని మన దేశంలో చాలామందికి మొదట తెలిసింది దానితోనే.

ఇప్పుడు పరిస్థితి తారుమారైంది. చౌకలోనూ మంచివి ఉన్నాయి, ఖరీదైనవాటిలోనూ అనవసరమైనవి ఉన్నాయి. ఏది ఏదో తెలుసుకోవడమే కష్టం.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. సామ్‌సంగ్ వారి గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్. 10.4 అంగుళాల తెర, పెట్టెలోనే పెన్ను. నోట్సు రాసుకునే పిల్లలకు బాగా నచ్చిన మోడల్. ఇది మొదట 2020లో వచ్చింది. 2022లో మళ్ళీ వచ్చింది. 2024లో మూడోసారి వచ్చింది. మూడుసార్లూ పేరు అదే, ఆకారం అదే, పెన్ను అదే. లోపల పనిచేసే చిప్ మాత్రం మూడుసార్లూ మారింది. మొదటిదాంట్లో ఎక్సినోస్ 9611, రెండోదాంట్లో స్నాప్‌డ్రాగన్, మూడోదాంట్లో ఎక్సినోస్ 1280. మొదటిది ఆండ్రాయిడ్ 10తో వస్తే, మూడోది ఆండ్రాయిడ్ 14తో వచ్చింది. అంటే మీరు "ఎస్6 లైట్ ఇవ్వండి" అంటే నాలుగేళ్ళ ఎడం ఉన్న మూడు వస్తువుల్లో ఏదైనా మీ చేతికి రావచ్చు. పాత సరుకు గోడౌన్లో మిగిలిపోయిన షాపువాడు ఏది ఇస్తాడో మీరే ఊహించుకోండి.

మరి పట్టుకోవడం ఎలా? పెట్టె వెనక చిన్న అక్షరాల్లో మోడల్ నంబరు ఉంటుంది. వైఫై రకాల్లో అయితే 2020ది ఎస్‌ఎం-పి610, 2022ది ఎస్‌ఎం-పి613, 2024ది ఎస్‌ఎం-పి620. ఈ నంబరు అబద్ధం చెప్పదు. పేరును ప్రకటనల విభాగం పెడుతుంది, నంబరును ఫ్యాక్టరీ పెడుతుంది. అందుకే నన్నడిగితే, కాగితం మీద పేరు రాసుకుని వెళ్ళకండి, నంబరు రాసుకుని వెళ్ళండి. ఆన్‌లైన్‌లో కొంటుంటే వివరాల్లో కిందదాకా జరిపి 'మోడల్ నంబర్' అనే వరుస చూడండి. అక్కడ నంబరు లేకుండా పేరొక్కటే ఉంటే, అమ్మేవాడు చెప్పదలచుకోనిది ఏదో ఉందని అనుమానించండి.

ఇది ఒక్క కంపెనీ జబ్బు కాదు. లెనోవో వారి ఎం10 ప్లస్ మూడో తరం అనే ట్యాబ్‌లో ఒక రకానికి మీడియాటెక్ హీలియో జీ80 చిప్ ఉంటుంది, ఇంకో రకానికి స్నాప్‌డ్రాగన్ 680 ఉంటుంది. పేరు చివర 'మూడో తరం' అని స్పష్టంగా చెప్పాక కూడా ఇదీ సంగతి. దీనికి తలకిందులు కూడా ఉంది. షియోమీ వారి రెడ్‌మీ ప్యాడ్ ప్రో 5జీ, పోకో ప్యాడ్ 5జీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటికీ 12.1 అంగుళాల తెర, రెండింటికీ స్నాప్‌డ్రాగన్ 7ఎస్ జెన్ 2, రెండింటికీ పది వేల ఎంఏహెచ్ బ్యాటరీ. పేర్లు వేరు, లోపలి సరుకు దాదాపు ఒకటే. ఆ రోజు ఏది తక్కువకు దొరికితే అది తీసుకోవడమే, ఆలోచించేదేమీ లేదు.

ఇక అక్షరాల సంగతి. సామ్‌సంగ్‌లో 'ఏ' అంటే మామూలు రకం, 'ఎస్' అంటే పై రకం. ఎఫ్ఈ, లైట్ అనేవి పై రకం పేరు పెట్టుకున్న మధ్య రకాలు. ఎస్10 అనే వరుసలో ఎస్10 ప్లస్ ఉంది, ఎస్10 అల్ట్రా ఉంది, ఎస్10 ఎఫ్ఈ ఉంది, ఎస్10 లైట్ ఉంది. ఉత్త ఎస్10 మాత్రం లేదు! దేనికంటే ఇది ప్లస్సో, దేనికంటే ఇది లైటో వాళ్ళకే తెలియాలి. ఎస్10 ఎఫ్ఈకి నీళ్ళు, దుమ్ము తట్టుకునే ఐపీ68 రక్షణ ఉంది, ఎస్10 లైట్‌కు లేదు. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు పక్కనే పుస్తకాలు పరిచే పిల్లలుంటే ఆ తేడాకు విలువుంది, లేకపోతే లేదు. 'ఏ' వరుసలో ఏ9కు, ఏ9 ప్లస్‌కు మధ్య ఉన్నది ఒక ప్లస్ గుర్తే అనుకుంటాం. నిజానికి అవి రెండు వేరే ట్యాబ్‌లు. తెర సైజు వేరు, చిప్ వేరు, చిప్ తయారుచేసిన కంపెనీ కూడా వేరు. ఒకదాంట్లో మీడియాటెక్, ఇంకోదాంట్లో క్వాల్‌కామ్.

ఆపిల్ వారి పద్ధతి ఇంకొంచెం నాజూకు. వాళ్ళ దగ్గర నాలుగే వరుసలు: ఉత్త ఐప్యాడ్, మినీ, ఎయిర్, ప్రో. వినడానికి సులువు. మనదేశంలో 2025 మార్చిలో ఏ16 చిప్‌తో ఉత్త ఐప్యాడ్ 34,900 రూపాయలకు వచ్చింది. అదే నెలలో ఎం3 చిప్‌తో ఎయిర్ 59,900కు వచ్చింది. మినీ అంతకుముందే 49,900కు ఉంది. ఇప్పుడు మెట్లు ఎక్కడం చూడండి. ఉత్త ఐప్యాడ్‌లో 128 జీబీది 34,900. "కాస్త ఎక్కువ జాగా ఉంటే మంచిది కదా" అనుకుని 256 జీబీకి వెళ్తే 44,900. అక్కడిదాకా వచ్చినవాడికి మినీ అయిదు వేల దూరంలో కనబడుతుంది. ఇంకా జాగా కావాలని 512 జీబీకి వెళ్తే 64,900. అంటే ఎయిర్‌ను కూడా దాటిపోయారు! 34 వేలు జేబులో పెట్టుకుని బయల్దేరిన మనిషి, ఎక్కడా ఎవరూ బలవంతపెట్టకుండానే, తనంతట తానే 60 వేల దగ్గరికి చేరతాడు. ఈ ధరల మధ్య దూరాలు ఊరికే అలా కుదరలేదు. ఒక్కో మెట్టు దగ్గరా "ఇంకొంచెం పెడితే పైది వస్తుంది కదా" అనిపించేటట్టు కొలిచి పెట్టినవి. నా అభిప్రాయం అడిగితే, ఉత్త ఐప్యాడ్ కొనేవాళ్ళు 128 దగ్గర ఆగిపోవాలి. 512 జీబీ ఉత్త ఐప్యాడ్ ఎవరి కోసం తయారుచేశారో నాకింతవరకు అర్థం కాలేదు.

ఆ ఐప్యాడ్‌కు తోకలు కూడా ఉన్నాయి. రాసుకోవడానికి పెన్సిల్ పెట్టెలో రాదు. యూఎస్‌బీ-సీ రకం పెన్సిల్ 7,900 రూపాయలు. టైపు చేయడానికి ఆపిల్ వారి మ్యాజిక్ కీబోర్డ్ ఫోలియో 24,900. మూడూ కలిపితే 67,700. ఆ డబ్బుకు శుభ్రమైన ల్యాప్‌టాప్ వస్తుంది. ఇంజనీరింగ్ రెండో ఏడు పిల్లవాడు ప్రోగ్రాములు రాయాలని, ప్రాజెక్టు రిపోర్టులు తయారుచేయాలని అంటుంటే ట్యాబ్ మాట మానేసి ల్యాప్‌టాప్ షాపుకు వెళ్ళండి. కీబోర్డు తగిలించిన ట్యాబ్‌తో ఆ పనులు జరుగుతాయి, కానీ ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం పడుతూనే ఉంటుంది.

పెన్సిళ్ళలో కూడా నాలుగు రకాలు. మొదటి తరం, రెండో తరం, యూఎస్‌బీ-సీ, ప్రో. ఏ పెన్సిల్ ఏ ఐప్యాడ్ మీద పనిచేస్తుందో ఒక పట్టికే ఉంది. రెండో తరం పెన్సిల్ 2024 తర్వాత వచ్చిన ఎయిర్ మీద పలకదు. యూఎస్‌బీ-సీ పెన్సిల్‌కు ఒత్తిడి తెలియదు, అంటే గట్టిగా అదిమితే గీత లావెక్కదు. లెక్కలు చేసుకునేవాళ్ళకు దాంతో నష్టం లేదు, బొమ్మలు వేసేవాళ్ళకు మాత్రం అది పెద్ద లోటు. మీ అమ్మాయి బొమ్మలు వేస్తుందా, నోట్సు రాస్తుందా అని ముందే తేల్చుకుంటే ఇక్కడ చాలా డబ్బు మిగులుతుంది.

అమెరికా నుంచి తెప్పించుకుంటే చౌక అని మనలో ఒక నమ్మకం ఉంది. డల్లాస్‌లో ఉన్న బావగారు సంక్రాంతికి వస్తున్నారంటే చాలు, ముందు గుర్తొచ్చేది ఐప్యాడే. లెక్క వేద్దాం. అదే ఏ16 ఐప్యాడ్ అక్కడ 349 డాలర్లు. డల్లాస్‌లో అమ్మకపు పన్ను ఎనిమిదింబావు శాతం. కలిపితే దాదాపు 378 డాలర్లు. డాలరు 87 రూపాయల లెక్కన చూసినా ముప్పై రెండు వేల తొమ్మిది వందల దాకా అవుతుంది. ఇక్కడి ధరతో పోలిస్తే మిగిలేది రెండు వేలు. మన పండగ ఆఫర్లలో బ్యాంకు కార్డు తగ్గింపే అంతకు మించి ఉంటుంది. బావగారి పెట్టెలో ఆ జాగాను ఇంకో మంచి పనికి వాడుకోవచ్చు. ఇంకొక మాట. అక్కడ అమెజాన్ వారి ఫైర్ ట్యాబ్‌లు చాలా చౌకగా దొరుకుతాయి, మనవాళ్ళు పిల్లల కోసమని తెస్తుంటారు. వాటిలో గూగుల్ ప్లే స్టోర్ ఉండదు. ఇక్కడి బడి యాప్, కోచింగ్ యాప్ దాంట్లో దొరకక, ఆ ట్యాబ్ చివరికి టీవీ పక్కన దుమ్ము పట్టి పడి ఉంటుంది.

ఇప్పుడు లోపలి సరుకు. 'ఆక్టా కోర్ ప్రాసెసర్' అని ప్రతి పెట్టె మీదా ఉంటుంది. ఎనిమిది కోర్లు, నిజమే. పెళ్ళివంటకు ఎనిమిది మందిని పంపిస్తామని ఒప్పుకున్న వంటమేస్త్రి ఇద్దరు వంటవాళ్ళను, ఆరుగురు కూరగాయలు తరిగేవాళ్ళను పంపించినట్టుంటుంది దీని సంగతి. హీలియో జీ99లో రెండు పెద్ద కోర్లు, ఆరు చిన్నవి. పాత హీలియో పీ22టీ లాంటివాటిలో ఎనిమిదికి ఎనిమిదీ చిన్నవే. రెండు పెట్టెల మీదా 'ఆక్టా కోర్' అనే ఉంటుంది. కాబట్టి కోర్లు లెక్కపెట్టడం మానేసి చిప్ పేరు, అది వచ్చిన సంవత్సరం అడగండి. మూడేళ్ళకు మించి పాతదైతే ధర బాగా తగ్గితేనే ఒప్పుకోండి.

ర్యామ్ దగ్గర ఇంకో చమత్కారం. '8 జీబీ ర్యామ్' అని పెద్ద అక్షరాల్లో వేసి, పక్కన చుక్క గుర్తు పెట్టి, కింద చీమతల అంత అక్షరాల్లో 'నాలుగు ప్లస్ నాలుగు' అంటారు. రెండో నాలుగు ర్యామ్ కాదు, ఫొటోలూ వీడియోలూ దాచుకునే జాగాలోంచి అరువు తెచ్చుకున్నది. అరువు జాగా అసలు ర్యామ్ అంత వేగంగా పనిచేయదు. అసలు ర్యామ్ ఎంత అని తెగేసి అడగండి. నాలుగు జీబీతో బండి నడుస్తుంది కానీ క్లాసు వింటూ పక్కన పీడీఎఫ్ తెరిస్తే మూలుగుతుంది. ఆరు ఉంటే పర్వాలేదు, ఎనిమిదైతే మూడు నాలుగేళ్ళు నిశ్చింత. 64 జీబీ జాగాలో నాలుగో వంతుకు అటూ ఇటుగా ట్యాబ్ తన సొంత పనులకే తీసుకుంటుంది, అదీ గుర్తుంచుకోండి.

నేను అన్నిటికంటే ఎక్కువసేపు చూసేది తెర. ఇక్కడ మన తెలుగువాళ్ళ అవసరం ఇంగ్లీషువాళ్ళ అవసరం లాంటిది కాదు. వాళ్ళ అక్షరాలు ఒక గీత మీద వరుసగా కూర్చుంటాయి. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద వత్తు ఉంటుంది, ఆ వత్తు కింద ఇంకో వత్తు. 'రాష్ట్రం' అన్న మాట తీసుకోండి. ష కింద ట వత్తు, దాన్ని చుట్టుకుని ర వత్తు, పక్కన సున్న. ఇంత సరంజామా ఒక చిన్న చోట ఇమడాలి. తెర మీద చుక్కలు పలుచగా ఉంటే ఆ వత్తులన్నీ కలిసి ఒక నల్లటి ముద్దగా కనబడతాయి. పిల్లవాడు అలవాటు కొద్దీ చదివేస్తాడు, కానీ కళ్ళు చికిలించి చదువుతాడు.

లెక్కలో చెప్పాలంటే, అంగుళానికి ఎన్ని చుక్కలు అన్నది చూడాలి. 10.1 అంగుళాల తెర మీద 1280 బై 800 చుక్కలున్న చౌకరకం ట్యాబ్‌లలో అంగుళానికి 150 చుక్కలు కూడా ఉండవు. 8.7 అంగుళాల ఏ9లో దాదాపు 180. 11 అంగుళాల ఏ9 ప్లస్‌లో 206. ఎస్6 లైట్‌లో 224. తెలుగు చదువుకోవడానికి 200 దాటితే హాయి అని నా లెక్క. 150 దగ్గరివి సినిమా పాటలు చూసుకోవడానికి సరే.

సైజు కూడా మోసం చేస్తుంది. 8.7కూ 11కూ మధ్య రెండున్నర అంగుళాలు కూడా లేదు కదా అనిపిస్తుంది. ఆ అంగుళాలు మూల నుంచి మూలకు కొలిచినవి. వైశాల్యంలో చూస్తే పెద్దది చిన్నదానికి ఒకటిన్నర రెట్ల పైనే. కోచింగ్ సెంటర్లు పంపే నోట్సు చాలావరకు ఏ4 కాగితం సైజులో ఉండే పీడీఎఫ్‌లు. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. 8.7 అంగుళాల ట్యాబ్‌ను నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు పదకొండు సెంటీమీటర్ల పై చిల్లర. కాగితం మీద 12 పాయింట్ల సైజులో ఉన్న అక్షరం ఆ తెర మీద ఆరున్నర పాయింట్లకు దిగిపోతుంది. పేపర్లో చిట్‌ఫండ్ నోటీసులు చూశారా, ఆ సైజు. 11 అంగుళాల ట్యాబ్‌లో అదే అక్షరం ఎనిమిదిన్నర పాయింట్లు, ఐప్యాడ్ తెర ఇంకాస్త వెడల్పు కాబట్టి తొమ్మిది. ఎనిమిదిన్నర చదవొచ్చు. ఆరున్నరకు పేజీని పెద్దది చేసి అటూ ఇటూ జరుపుతూ ఉండాలి, ఒక్కో వాక్యానికీ.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ళ టీచర్లకు అయిదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. పల్లెటూళ్ళలో చాలా ఇళ్ళలోకి మొదటిసారి ట్యాబ్ వచ్చింది అప్పుడే. అవి 8.7 అంగుళాలవి. వీడియో పాఠాలు చూసుకోవడానికి ఆ సైజు సరిపోతుంది, సంచీలో పట్టుకెళ్ళడానికీ సులువు. ఆ అనుభవంతో "ట్యాబ్ అంటే ఇంతే ఉంటుంది" అనే అభిప్రాయం చాలామందిలో స్థిరపడింది. పుస్తకం పేజీ పెట్టుకుని చదవాల్సిన ఇంటర్ పిల్లలకు అంతకంటే పెద్దది కావాలి. ఎప్‌సెట్‌కు కూర్చునే పిల్లలకు మరీను. ఆ పరీక్షే కంప్యూటర్ తెర మీద రాయాలి, నమూనా పరీక్షలు ఇరుకు తెర మీద రాసి అలవాటు పడితే ఏం లాభం?

షాపులో ఇది పరీక్షించడం తేలిక. ఇంటి నుంచి బయల్దేరేముందు మీ అబ్బాయి తెలుగు వాచకమో, సాంఘికశాస్త్రం పుస్తకమో పీడీఎఫ్ ఒకటి ఫోన్లోకి దించుకోండి. షాపులో డెమో ట్యాబ్‌లోకి దాన్ని పంపించమనండి. పంపనంటే మీ మెయిల్లోంచి తెరవండి. పేజీ మొత్తం తెరలో పట్టేటట్టు పెట్టి, ట్యాబ్‌ను మీ పిల్లవాడి చేతికిచ్చి, ఒక పేరా పైకి చదవమనండి. మీరు వాడి మొహం చూడండి. కళ్ళు చికిలిస్తే ఆ ట్యాబ్ పక్కన పెట్టేయండి. షాపుల్లో డెమో తెర మీద ఎప్పుడూ నెమలి ఈకలూ, సముద్రాలూ కనబడుతుంటాయి. నెమలి ఈక ఏ తెర మీదైనా అందంగానే ఉంటుంది.

సినిమాల కోసం కొనేవాళ్ళకు ఒక చిన్న ముక్క. వైడ్‌వైన్ అనే తాళం ఒకటుంది. దానిలో ఎల్1 స్థాయి ఉన్న ట్యాబ్‌లలోనే నెట్‌ఫ్లిక్స్ లాంటివి హెచ్‌డీలో కనబడతాయి. ఎల్3 ఉంటే తెర ఎంత మంచిదైనా బొమ్మ మసకే. పేరు తెలియని చౌక కంపెనీల ట్యాబ్‌లలో ఈ బాధ ఎక్కువ. వాటిలోనే ఇంకో పరీక్ష కూడా చేయాలి. ప్లే స్టోర్ తెరిచి, సెట్టింగ్స్‌లో 'అబౌట్' అన్నచోట ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ అనే వరుస చూడాలి. 'సర్టిఫైడ్' అని లేకపోతే ఎనిమిది వేలకు 12 జీబీ ర్యామ్ ఇస్తామన్నా అక్కర్లేదు.

సిమ్ పెట్టుకునేదా, వైఫైదా? ఇంట్లో వైఫై ఉంటే, లేదా ఫోను హాట్‌స్పాట్ చాలనుకుంటే, సిమ్ రకానికి పెట్టే అదనపు డబ్బు దండగ. కాకపోతే రెండు చిక్కులు తెలుసుకుని ఉండాలి. ఫోన్‌పే, గూగుల్‌పే లాంటి యూపీఐ యాప్‌లు నమోదు కావాలంటే ఆ పరికరంలోని సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ వెళ్ళాలి. కాబట్టి వైఫై ట్యాబ్‌లో యూపీఐ నడవదు. రెండోది, వైఫై ఐప్యాడ్‌లలో జీపీఎస్ ఉండదు. పొలం సర్వేకో, కారులో దారి చూసుకోవడానికో కొంటుంటే సెల్యులార్ రకమే తీసుకోవాలి. కొత్త సెల్యులార్ ఐప్యాడ్‌లలో మళ్ళీ సిమ్ పెట్టే అర ఉండదు, ఈసిమ్ ఒక్కటే.

ధర గురించి నేను వేసే లెక్క వేరు. ఎంతకు కొన్నామని కాకుండా, ఏడాదికి ఎంత పడిందని చూస్తాను. 2019లో వచ్చిన ఏడో తరం ఐప్యాడ్‌కు 2024లో వచ్చిన ఐప్యాడ్‌ఓఎస్ 18 దాకా కొత్త సాఫ్ట్‌వేర్ అందింది. 35 వేలు పెట్టి ఆరేళ్ళు వాడితే ఏడాదికి ఆరు వేల లోపే. పన్నెండు వేల ఆండ్రాయిడ్ ట్యాబ్ రెండేళ్ళకే మొరాయిస్తే దానికీ ఏడాదికి ఆరు వేలే. రెండూ ఒకటే అయ్యాయి కదా అంటారా? ఇక్కడే నేను పిల్లల వయసు అడుగుతాను. అయిదో తరగతి వాడి చేతిలో ఆరేళ్ళు ఏ అద్దమూ బతకదు. వాడికి చౌకదే ఇవ్వండి, 11 అంగుళాలది, పగిలినా ప్రాణం ఉసూరుమనదు. ఇంటర్లో చేరే అమ్మాయి జాగ్రత్తగా చూసుకుంటుంది, డిగ్రీ దాకా వాడుకుంటుంది. ఆమెకు ఉత్త ఐప్యాడో, పెట్టెలో పెన్నుతో వచ్చే సామ్‌సంగ్ మధ్య రకమో కొనవచ్చు. ఈ రెంటిలో ఆమె ఎక్కువగా చేతిరాతతో నోట్సు రాస్తుందంటే నేను పెన్నుతో వచ్చేదానికే మొగ్గుతాను, ఆ 7,900 మిగులుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళకు భక్తి పాటలు, వీడియో కాల్స్ కోసమైతే చిప్ గురించి తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. స్పీకర్లు గట్టిగా ఉన్నాయా, నిలబెట్టుకోవడానికి స్టాండు ఉందా చూడండి. బల్ల మీద నిలబెట్టే ట్యాబ్‌ను అమ్మమ్మ రోజూ వాడుతుంది, చేతిలో పట్టుకోవలసినదాన్ని వారానికోసారి కూడా ముట్టుకోదు.

ఆండ్రాయిడ్‌లో ఎన్నేళ్ళు అప్‌డేట్లు ఇస్తారన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. ఆ మాట కంపెనీ సొంత పేజీలో రాతపూర్వకంగా ఉందేమో చూడండి, కుర్రాడి నోటిమాట లెక్కలోకి తీసుకోవద్దు. ఇంకో కిటుకు: ఆ లెక్క ట్యాబ్ విడుదలైన రోజు నుంచి మొదలవుతుంది, మీరు కొన్న రోజు నుంచి కాదు. నాలుగేళ్ళ అప్‌డేట్లు ఇస్తామన్న ట్యాబ్‌ను మూడో ఏడు చివర్లో కొంటే మీకు మిగిలేది ఒక్క ఏడే. పాత మోడల్ సగం ధరకు వస్తోందని సంబరపడేముందు ఈ తీసివేత చేసుకోండి.

వాడినది కొనేవాళ్ళకు ఆఖరుగా ఒక జాగ్రత్త. పాత ఐప్యాడ్ కొంటుంటే అమ్మే మనిషి మీ ఎదురుగా తన ఆపిల్ ఖాతా తీసేసి, మొత్తం చెరిపేసి, 'హలో' అనే తెర దగ్గర మీ చేతికివ్వాలి. ఆ తర్వాత మీ ఖాతాతో అక్కడే మొదలుపెట్టి చూసుకోండి. ఎదుటివాళ్ళ ఖాతా తాళం దాంట్లో మిగిలిపోతే ఏ మెకానిక్కూ తీయలేడు. "ఇంటికెళ్ళాక పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పంపిస్తానండీ" అనేవాళ్ళకు డబ్బు కూడా ఇంటికెళ్ళాకే పంపిస్తానని చెప్పండి.